భీమిలి ఒడ్డున నాలుగు రోజులు

సముద్రం ఒడ్డుకి షికారు వెళుతున్నామని నలుగురికీ తెలిస్తే చాలు, ఇంటికొచ్చిన ప్రతివారూ ఒక జాబితా చదువుతారు. "అక్కడిదాకా వెళ్లి అది చూడకపోతే వెళ్లనట్టే సుమండీ!" అంటారు. వాళ్లు చెప్పినవన్నీ చూడాలంటే నాలుగు రోజులు కాదు, నాలుగు జన్మలు కావాలి. మా అమ్మాయి వాళ్లందరినీ మించిపోయింది. ఫోనులో పదిహేడు స్థలాలు, గంటలూ నిమిషాలతో సహా ఎక్కించి పెట్టింది. పొద్దున్న ఏడున్నరకి ఒకటి, తొమ్మిదింటికి ఇంకొకటి, మధ్యాహ్నం భోజనానికి నలభై నిమిషాలు. అది చూసి మావారు, "ఇది విహారమా, ఎన్నికల ప్రచారమా?" అన్నారు.

నేనేమీ అనలేదు. ఈ ప్రయాణం పెట్టుకున్నది పదిహేడు స్థలాలు చూడటానికి కాదు. మా అత్తగారికి సముద్రం చూపించటానికి.

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. పుట్టిందీ మెట్టిందీ అనంతపురం జిల్లాలోనే. దేశం మొత్తం మీద అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటి. ఆవిడకి నీళ్లంటే బావి, చెరువు, ఈమధ్య కొళాయి. తిరుపతి చూసింది, మంత్రాలయం చూసింది, ఒకసారి కాశీకి వెళ్లి గంగలో మునిగి వచ్చింది. సముద్రం మాత్రం చూడలేదు. చూసే అవకాశం రాలేదా అంటే వచ్చింది. నా పుట్టిల్లు విజయనగరం. మా పెళ్లి అక్కడే జరిగింది. అక్కణ్ణించి భీమిలి పాతిక, ముప్పై కిలోమీటర్లు. కాని అవి కార్తీకమాసపు రోజులు, పొలంలో వేరుశెనగ పీకే వేళ. కూలీలు మళ్లీ దొరకరని పెళ్లయిన రెండో రోజునే తిరుగు రైలెక్కేసింది. ఆ తరవాత ఇరవై రెండేళ్లలో, నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా "రండి అత్తయ్యా" అనటమూ, ఆవిడ "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అనటమూ ఒక ఆనవాయితీ అయిపోయింది.

కిందటేడు ఆవిడ గుమ్మాలకు తట్టుకోవటం మొదలుపెట్టింది. పక్కనుంచి పిలిస్తే ఉలిక్కిపడేది. కళ్లజోడు మారిస్తే సరిపోతుందనుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పరీక్షలన్నీ చేసి గ్లాకోమా అన్నారు. మన పాతవాళ్లు నీటికాసులు అనేవారు. కంటిలోపలి నీటి ఒత్తిడి పెరిగి, చూపునిచ్చే నరాన్ని కొంచెం కొంచెంగా దెబ్బ తీస్తుందిట. నొప్పి వుండదు. చుట్టుపక్కల చూపు ముందు పోతుంది. ఎదురుగా వున్నది కనబడుతూనే వుంటుంది గనక మనిషికి చాలాకాలం తెలియనే తెలియదు. పోయినది తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే వున్నదాన్ని నిలబెట్టుకోవచ్చు. ఇది వంశంలో వచ్చే జబ్బు కూడాను. అందుకని ఆ వారమే మావారి కళ్లూ, మా ఆడపడుచు కళ్లూ పరీక్ష చేయించాం. ఈ వ్యాసం చదివేవారిలో ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వుంటే, మిగతావాళ్లు నలభై దాటగానే ఆ పని చెయ్యటం మంచిది.

డాక్టరు చెబుతున్నంతసేపూ అత్తగారు నోరు విప్పలేదు. ఆటోలో కూర్చున్నాక కొడుకుతో, "పోయేది పోనీ నాయనా. ఉండేది ఉండంగానే సముద్రం ఒకసారి చూపించు" అంది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఆవిడే తేల్చింది. మాఘమాసంలో సముద్రస్నానం పుణ్యం గదా! పుణ్యం మాట అలా వుంచితే, మన తూర్పు తీరానికి అంతకన్న మంచి అదనూ లేదు. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది అక్టోబరు 12వ తేదీన. ఏప్రిల్ వచ్చిందంటే ఇసక మీద కాలు పెట్టలేం. డిసెంబరు నించి ఫిబ్రవరి దాకానే గాలి హాయిగా వుంటుంది. పిల్లవాడి బడికి సెలవు చీటీ రాసిచ్చి, మాఘపౌర్ణమికి రెండు రోజుల ముందు చేరేట్టుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సాయంత్రం అనంతపురంలో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి విశాఖపట్నం. జొన్నరొట్టెలు, శెనక్కాయ పొడి, చిత్రాన్నం, ఓళిగలు అన్నీ ఆవిడే దగ్గరుండి కట్టించింది. అవతలి బెర్తులవాళ్లక్కూడా పెట్టగా ఇంకా మిగిలాయి.

మేం దిగింది విశాఖలో కాదు. అక్కణ్ణించి సముద్రం పక్కనే పాతిక కిలోమీటర్ల పైచిలుకు వెళితే భీమునిపట్నం, అదే భీమిలి. గోస్తనీ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒడ్డుకు ఎదురుగానే ఒక రిసార్టులో రెండు గదులు తీసుకున్నాం. అద్దె ఎంతని అత్తగారు అడిగితే మావారు ఒక సున్నా తగ్గించి చెప్పారు. "ఒక మంచం, ఒక కిటికీకి అంత ఇస్తారా!" అని ఆవిడ చాలాసేపు గొణిగింది. ఆ సున్నా సంగతి ఇప్పటికీ ఆవిడకి తెలియదు. ఈ పత్రిక మా యింటికి వస్తుంది గాని, చదివి వినిపించేది నేనే కాబట్టి ఈ పేరా దాటవేస్తాను.

గది చేరేసరికి పొద్దు వాలిపోయింది. "రా నాయనమ్మా, చూద్దువుగాని" అని పిల్లలు చెయ్యి పట్టుకు లాగారు. ఆవిడ కదలలేదు. "చీకట్లో చూస్తే ఏం కనపడుతుంది? తెల్లారనీ" అంది. కాని ఆ రాత్రి కిటికీ మూయనివ్వలేదు. అర్ధరాత్రి నాకు మెలకువ వస్తే మంచం మీద లేచి కూర్చుని వుంది. "నిద్ర పట్టలేదా అత్తయ్యా?" అంటే, "ఇది పండుకోదా?" అని అడిగింది.

తెల్లవారుజామున ఐదున్నరకే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గుడికి బయల్దేరినట్టు తయారైంది. ఆ నెలలో అక్కడ ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం. సముద్రంలోంచి పైకి వచ్చే సూర్యుడు మన తీరం సొత్తు. పడమటి తీరంవాళ్లు మునిగేవాణ్ణి చూసి సంతోషించవలసిందే. ఒక పక్క నేను, ఒక పక్క మావారు పట్టుకుని తడి ఇసక దాకా నడిపించాం.

అక్కడ నిలబడి ఆవిడ చేసిన పని నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే వుంది. తల ఎడమ భుజం దాకా తిప్పింది. అక్కణ్ణించి మెల్లమెల్లగా, గోడ తడుముకుంటూ నడిచేవాళ్లలాగ, కుడి భుజం దాకా జరుపుకుంటూ వచ్చింది. మనకు ఒక్క చూపులో అందేదంతా ఆవిడకి ముక్కలు ముక్కలుగా అందాలి మరి. ఆ చివర దాకా వచ్చి, మళ్లీ వెనక్కి ఈ చివరకి. అలా మూడుసార్లు. ఎర్రటి సూర్యబింబం ఎదురుగా లేచి నిలబడినా దాని వంక ఒక్క క్షణం చూసి, మళ్లీ తన కొలతలో తాను పడింది.

"పక్కలు లేవా దీనికి?" అని అడిగింది.

"లేవమ్మా" అన్నారు మావారు.

"చెరువుకైతే కట్ట ఉంటుంది" అని, ఇంకాసేపు చూసి, "ఇంత నీళ్లుండీ తాగేకి ఒక కడవ లేవే!" అంది.

మా అమ్మాయి పక్కుమంది. మావారు మాత్రం నవ్వలేదు. రెండు మైళ్లు నడిచి మంచినీళ్లు మోసిన తల్లిని చూసిన కొడుకాయన.

ఆ రోజుకి అమ్మాయి జాబితాలో నాలుగు స్థలాలున్నాయి. అత్తగారు సముద్రం దగ్గర్నించి లేస్తేగా! రిసార్టు కుర్రాడు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. పది గంటలకి ఎండ చురుక్కుమనేదాకా అందులోనే కూర్చుంది. నిజం చెప్పొద్దూ, సముద్రం ఒడ్డున చెయ్యవలసిన పనుల్లో మొదటిది ఊరికే కూర్చోవటం. దానికి టిక్కెట్టు లేదు, వరస లేదు, ఫొటో బాగా రాలేదన్న బెంగ లేదు. మా పిల్లవాడు ఇసకలో గొయ్యి తవ్వాడు, అందులోకి నీళ్లూరితే మురిసిపోయాడు, అది పూడిపోతే మళ్లీ తవ్వాడు. పద్నాలుగేళ్ల వాడు అంతసేపు ఫోను ముట్టుకోకుండా వుండటం నేను చూడటం అదే మొదలు.

స్నానం దగ్గరే కాస్త భయపడ్డాం. నీటికాసులున్నవారికి కాళ్లదగ్గరకి వచ్చే అల కనబడకపోవచ్చు. దూరాన్నించి వచ్చేది తెలుస్తుంది గాని, దగ్గరయ్యేకొద్దీ చూపులోంచి జారిపోతుంది. అందుకని లోపలికి తీసుకెళ్లకుండా, అల విరిగి పలచబడి వచ్చే చోట కూర్చోబెట్టి చెంబుతో పోశాం. నీరు వెనక్కి వెళుతూ కాళ్లకింది ఇసకను తోడుకుపోతుంది చూడండి, అప్పుడు ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎవురో కిందనుంచి నేల లాగుతుండారు" అంది. భయపడిందనుకున్నాను. కాదు, ఇంకొకసారి కావాలంది. అలా ఇరవైసార్లన్నా లాగించుకుంది.

పిల్లలున్నవారికి ఒక మాట. సముద్రంలో అలలు విరగకుండా, నీరు నున్నగా, ప్రశాంతంగా కనబడే చోటు ఒక్కొక్కటి వుంటుంది. అది చూసి "ఇక్కడ బాగుంది" అని దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి తరచు అదే. ఈత వచ్చినవాణ్ణి కూడా లాక్కుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపుకి ఎదురీదకూడదు, బలం అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడులోంచి బయటపడి, అప్పుడు ఒడ్డుకి రావాలి. నది వచ్చి కలిసే చోట అసలు దిగకూడదు. కాపలావాళ్లు వద్దంటే వాదించకూడదు. విశాఖ బీచిలో, చూస్తూ చూస్తూ వుండగా పిల్లలు పోయిన ఇళ్లు నేనెరుగుదును.

పోటూ పాటూ సంగతి మాకు చెప్పింది ఒక ముసలి జాలరి. పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నవాడు మా వైపు చూసి, "ఏటి మామ్మా, పున్నం దగ్గరికొచ్చీసింది. పోటు జాస్తి. కుర్చీ ఎనక్కి తీసీసుకోండి" అన్నాడు. అత్తగారు వెంటనే తిథి లెక్కపెట్టింది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతాల తక్కువ. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇవ్వాళ వచ్చిన వేళకన్న రేపు ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తుంది. అతనిదీ పంచాంగమే, ఆవిడదీ పంచాంగమే. కాని అతని మాట ఆవిడకి సగం, ఆవిడ మాట అతనికి సగం అర్థమవుతుంటే మధ్య నేను దుబాసీని. విజయనగరంలో పుట్టి అనంతపురంలో కాపురం చేసినందుకు ఆ ఒక్క పూట నా చదువు సార్థకమైంది.

ఇహ తిండి సంగతి.

రిసార్టులో పొద్దుటి ఫలహారం అద్దెలోనే కలిపి ఇస్తారు. పెద్ద హాలు, మూతలు పెట్టిన వెండిరంగు పాత్రలు, ఎవరికి వాళ్లు పళ్లెం పట్టుకుని వడ్డించుకోవటం. రొట్టెముక్కలు, కార్న్‌ఫ్లేక్సు, ఏ వూళ్లో వండారో తెలియని ఇడ్లీ. అత్తగారు ఒకసారి చుట్టూ చూసి, "బంతి తప్పిపోయినోళ్ల మాదిరి ఇట్ల తిరగల్లనా?" అంది. మర్నాటి నించి నేను ఆవిణ్ణి వూళ్లో చిన్న హోటలుకి తీసుకెళ్లాను. డబ్బిచ్చిన ఫలహారం వదులుకోవటానికి మావారి ప్రాణం ఒప్పక ఆయన రెండు చోట్లా తిన్నారు.

మా ఉత్తరాంధ్ర వచ్చి పూరీ పాటోళి తినకుండా వెళ్లేవాళ్ల మీద నాకు జాలి. శెనగపప్పు నానబెట్టి, బరకగా రుబ్బి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వేసిన తాలింపులో పొడిపొడిలాడేదాకా వేయించటం. చెప్పుకుంటే ఇంతే. చేత్తో తుంచిన వేడి పూరీలో అది పెట్టుకుంటే బంగాళాదుంప కూర మళ్లీ గుర్తుకు రాదు. అత్తగారికి నచ్చింది. "రొట్టెలోకి ఇంకా బాగుంటుంది" అని సవరణ కూడా చేసింది. ఇంటికొచ్చాక జొన్నరొట్టెలో చేసి చూశాను. బాగానే వుంది.

సాయంత్రం ఒడ్డున మురీ మిక్చరు. మరమరాలు, వేయించిన వేరుశెనగలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కారం, నిమ్మరసం. బండివాడు గిన్నెలో వేసి టకటకా కలిపి, కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. అది పుచ్చుకున్న మరుక్షణమే తినాలి. మాట్లాడుకుంటూ కూర్చుంటే సముద్రపు గాలికి మెత్తబడిపోతుంది. దానితోపాటు టమాటా బజ్జీ. టమాటాను శెనగపిండిలో ముంచి వేయించి, కోసి, ఆ మిక్చరే పైన జల్లుతారు. అత్తగారు పొట్లంలోంచి వేరుశెనగ గింజ ఒకటి ఏరి, పంటికింద వేసి, "ఇవి మావైపు కాయలు కావు" అని తీర్పు చెప్పింది. అయినా పొట్లం ఖాళీ చేసింది. బొగ్గుల మీద కాల్చి ఉప్పు, కారం, నిమ్మచెక్క రుద్దిన మొక్కజొన్న పొత్తుకి ఆవిడ పళ్లు సహకరించలేదు. గింజలు నేను వలిచి ఇచ్చాను.

మా ఇంట్లో అందరం చేపలు తినేవాళ్లమే, శనివారం తప్ప. మూడో రోజు పొద్దున్నే ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్లి చుట్టూ తిప్పిన వలను, రెండు కొసలూ పట్టుకుని, రెండు జట్లుగా ఒడ్డుకు లాగుతారు. గంటలు గంటలు పట్టే పని. ఒక జట్టు పాడితే రెండో జట్టు అందుకుంటుంది. మావారూ పిల్లవాడూ వెళ్లి తాడు పట్టుకున్నారు. వీళ్లవల్ల వల ఎంత దగ్గరికి వచ్చిందో చెప్పలేను గాని, మావారి నడుం మాత్రం రెండు రోజులు పట్టేసింది. వల ఇసక మీదికి వచ్చేసరికి వెండి కుప్ప పోసినట్టు నెత్తళ్లు, మధ్య మధ్య రొయ్యలు, నాకు పేర్లు తెలియనివి ఇంకెన్నో.

పక్కనే గంపలు పెట్టుకున్న ఆడవాళ్ల దగ్గర వంజరం బేరమాడాం. చేప తాజాదనం కంటితో చూస్తాం మనం, చెవులెత్తి ఎర్రగా వుందా, కన్ను మెరుస్తోందా అని. అత్తగారు బొటనవేలితో నొక్కింది. సొట్ట పడకుండా కండ పైకి లేచింది. "ఇది రాత్రి చేప కాదు, పొద్దుటిదే" అంది. చేపలావిడ ఆశ్చర్యపోయి, "అమ్మ మావోళ్లేనేటి?" అని అడిగింది. అదే వీధిలో ఒకావిడ నడిపే చిన్న భోజనశాలలో పులుసు పెట్టించుకున్నాం. చింతపండు చిక్కగా, బెల్లం వెయ్యకుండా, మెంతిపొడి జల్లి. మధ్యాహ్నం సగమే తిని, మిగిలింది రాత్రికి అట్టేపెట్టించింది అత్తగారు. పులుసు నిలవుంటేనే రుచి అన్న సంగతి ఏ జిల్లాలోనైనా ఒకటే.

తీపిలో మాడుగుల హల్వా ఒక్కటి చెబుతాను. అనకాపల్లి జిల్లా మాడుగులలో చేస్తారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నెయ్యీ జీడిపప్పూ వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పుతారు. కొనేవాళ్లు అరకిలో కొనండి. కిలో కొంటే కిలో తినేస్తారు.

పదిహేడు స్థలాల్లో చివరికి చూసినవి నాలుగు. జలాంతర్గామి కుర్సుర పిల్లల కోసం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నించి విశాఖ రామకృష్ణా బీచిలో ఇసక మీద ప్రదర్శనశాలగా వుంది. లోపల దారి ఇరుకు, గడపలు ఎత్తు. మోకాళ్ల నొప్పులవారు పోకపోవటం మంచిది. అత్తగారూ నేనూ బయట కూర్చున్నాం. భీమిలిలో డచ్చివారి సమాధులు చూశాం. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఆ వర్తకులు 1825లో ఆ రేవును ఇంగ్లీషువారి పరం చేశారు. మన గోగునారకి విదేశాల్లో 'బిమ్లీ జూట్' అని పేరు వచ్చింది ఈ రేవు పేరు మీదుగానే. "గోంగూర నార కోసం ఇంతదూరం వచ్చి చచ్చిపోయినారా పాపం!" అంది అత్తగారు.

మిగతా రెండూ ఆవిడకి బాగా పట్టాయి. తొట్లకొండ మీద రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామం వుంది. 1970లలో నౌకాదళంవారు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిందిట. స్తూపాలూ విహారాలూ సరే, బౌద్ధ భిక్షువులు వాననీరు పట్టుకోవటానికి కొండరాతిలో తొలిచిన తొట్లున్నాయి. వాటిని బట్టే ఆ కొండకి ఆ పేరు. అత్తగారు తొట్టి అంచున కూర్చుని, రాతిని అరచేత్తో తడిమి, ఎంత లోతు, ఎన్నాళ్లు నిలుస్తాయి అని అడిగింది. కింద అంత సముద్రం పెట్టుకుని కొండ మీద వానచుక్క కోసం తొట్టి తొలిచినవాళ్లు ఆవిడకి బాగా కావలసినవాళ్లలా అనిపించారు కాబోలు, ఎండలో అరగంట కూర్చుంది.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి రాకముందే, రోడ్డు పక్కన. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి కొట్టుకొచ్చిన ఇసక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాననీరు కోసి లోయలు చేసింది. అలాంటివి లోకంలో కొద్ది చోట్లే వున్నాయి. తవ్వుకుపోకుండా వాటికి రక్షణ వుంది. మా పిల్లవాడు గుప్పెడు సీసాలో పోసుకోబోతే వద్దన్నాను. అత్తగారు చెప్పులు విడిచి ఆ మట్టి మీద నడిచింది. అక్కడ మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. "ఇది మా నేలే గదమ్మా! ఈడికెట్ల వచ్చె?" అంది.

చివరి సాయంత్రం మళ్లీ కుర్చీ. పౌర్ణమి చంద్రుడు కూడా సముద్రంలోంచే లేచాడు. నీళ్ల మీద వెలుగు ఒక బాటలా మా కాళ్లదాకా వచ్చింది. ఆవిడకి మిగిలిన చూపు ఆ బాటంత వెడల్పే వుంటుందేమో! ఈసారి తల తిప్పలేదు. దానివంకే చూస్తూ కూర్చుంది. తొమ్మిదింటికి గదిలోకి తీసుకెళ్లి కళ్లలో చుక్కలు వేస్తుంటే, "కారంగా ఉండాయి" అంది. ఆ మందు అంతకు ముందు ఎప్పుడూ మండలేదు. నేనేమీ అనకుండా తడిగుడ్డతో తుడిచాను.

మర్నాడు తిరుగు ప్రయాణంలో రైలు కదిలాక కొడుకుని పిలిచి, "మళ్లా ఎప్పుడు?" అని అడిగింది. "ఉగాది పోనీ, వేసవి సెలవుల్లో..." అని ఆయన ఏదో అనబోయారు.

"ఎండాకాలం వద్దు. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు పడవలు పోనీరంట, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ ముసలాయన చెప్పినాడు. దీపావళి తుపాన్లు పోనిచ్చి రావల్ల."

అంటే పది నెలలు. మధ్యలో డాక్టరు మూడుసార్లు రమ్మన్నారు. మావారు నా వంక చూశారు. తరవాత ఫోను తీసి, టిక్కెట్లు ఎన్నాళ్ల ముందు ఇస్తారో వెతికారు. అరవై రోజుల ముందు గాని ఇవ్వరు.